గాలితో సహా అమ్మకానికి

నవంబరు 3, సోమవారం

గోదాము మీద బోర్డు కట్టారు. నేను టీచరుగా చేరిన కొత్తలో మా సందు చివర నూలు బేళ్ళు దించిన గోదాము. తర్వాత చాలా ఏళ్ళు గబ్బిలాలు కాపురం చేశాయి. ఇప్పుడు ఇటుకలు కడిగి, ఇనుప స్తంభాలకు నల్లరంగు పూసి, అంతస్తుకో ఇల్లు చేశారు. అన్నీ అమ్ముడుపోగా పై అంతస్తు ఒక్కటే మిగిలిందట. "చారిత్రక పేటలో విలాసవంతమైన లాఫ్ట్ నివాసం" అని రాశారు. లాఫ్ట్ అంటే మనకు తెలిసింది అటక. విరిగిన కుర్చీలు, పాత ట్రంకు పెట్టెలు పడేసే చోటు. ఇకమీదట అందులో మనుషులు పడుకుంటారట. అందుకు ఆస్తులమ్ముకుని మరీ డబ్బు కట్టాలట.

నాకు అనవసరం. రాసిపెట్టుకుంటున్నాను, అంతే.

సాయంత్రం మనవరాలు పిచ్చుకను తీసుకెళ్ళడానికి వచ్చిన కోడలు గుమ్మంలోనే చెప్పింది. "అత్తయ్యా, మా అమ్మ ఆ గోదాములో పై ఇల్లు చూసొచ్చిందండీ. తెగ నచ్చేసిందట."

వియ్యంకుడు పోయాక ఆవిడ తన ఇల్లు అమ్మేసింది. డబ్బు చేతిలో ఉంది, మనిషి ఒంటరిగా ఉంది. ఇది కొని కూతురు, అల్లుడు, మనవరాలితో కలిసి ఉంటుందట. అబ్బాయి వాళ్ళు ఇప్పుడుంటున్నది రెండు వీధుల అవతల, అద్దె ఇంట్లో. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగాలకు పోతారు కనుక పిచ్చుక బడి నుంచి నేరుగా నా దగ్గరకు వస్తుంది. కాళ్ళు కడుక్కోవడం, పాలు, ఎక్కాలు, హోంవర్కు, చీకటిపడే వేళకు తల్లి. రెండో తరగతి నుంచి ఇదే పద్ధతి. ఇప్పుడు నాలుగు.

అమ్మమ్మ పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటే పిల్లకు ఇక్కడికి రావలసిన పనేముంది?

ఆ ప్రశ్న అడగలేదు. "మంచిది" అన్నాను. "మా వాడు ఇల్లరికానికి ఒప్పుకున్నాడా?" అని మాత్రం అన్నాను. హాస్యానికే.

కోడలు నవ్వలేదు.

నవంబరు 5, బుధవారం

పదమూడో ఎక్కం చెబుతూ పిచ్చుక మధ్యలో ఆగి, "అమ్మమ్మ నాకు పైన మంచె మీద మంచం వేస్తుందట నానమ్మా. మెట్లెక్కి పడుకోవచ్చట" అంది.

మొదటి నుంచి చెప్పించాను.

నవంబరు 8, శనివారం

అందరం వెళ్ళి చూశాం. నన్ను కూడా రమ్మన్నారు. రానంటే ఏమనుకుంటారోనని వెళ్ళాను.

ఇళ్ళు చూపించి అమ్మే అమ్మకాలావిడ లిఫ్టు దగ్గరే నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వు మేం వెనక్కి వచ్చేదాకా దింపలేదు. తలుపు తీస్తే ఒకటే గది, మా బడి ప్రార్థన హాలంత. గోడలకు సున్నం లేదు, ఇటుకలు అలాగే వదిలేశారు. పైన బేళ్ళు లాగిన కప్పీ కూడా తీయలేదు.

"ఇది మరిచిపోయారేమో" అన్నాను.

"లేదు మేడమ్, కావాలనే ఉంచాం. అదే దీని క్యారెక్టర్."

"గోడలకి కూడా క్యారెక్టరేనా, సున్నానికి డబ్బులు చాల్లేదా?"

వియ్యపురాలు గట్టిగా నవ్వింది. ఆవిడ నవ్వితే చుట్టుపక్కలవాళ్ళు ఏమైందో తెలియకపోయినా నవ్వుతారు. అబ్బాయి నవ్వాడు. అమ్మకాలావిడ నవ్వింది. నేను ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను, అందులో పదకొండేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌ని. నా మాటకు పిల్లలు లేచి నిలబడేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. అది నేను కోరుకున్నదే.

"వదినగారూ, ఇలా రండి, ఈ కిటికీ చూడండి!" అని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆవిడకు మనుషుల చేతులు పట్టుకునే అలవాటు. కిటికీ నిలువెత్తుది, పైన విల్లులా వంపు. అందులోంచి పేట మొత్తం కనిపిస్తుంది. నేరుగా కింద నా ఇల్లు. పైకప్పు మీద మూత లేని నీళ్ళ ట్యాంకు, తీగ మీద నా పాత దుప్పటి, దానికి నేను వేసిన మాసిక. ఇంతకాలం ఆ మాసిక ఎవరికీ కనపడదనుకున్నాను. పైనుంచి చూసేవాళ్ళుంటారని ఎప్పుడూ తోచలేదు.

"నానమ్మా, మన ఇల్లు అగ్గిపెట్టెలా ఉంది!" పిచ్చుక అరిచింది.

"మన ఇల్లు" అంది. ఆ మాట వరకు బాగుంది.

తర్వాత పిల్ల చెక్కనేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు చాపి, నోటికొచ్చిందల్లా వాగింది. వియ్యపురాలు కూడా పక్కనే చతికిలబడి వంతపాడింది. నా ఇంట్లో పిచ్చుక ఎప్పుడూ నేల మీద పడుకోలేదు. నేను పడుకోనివ్వలేదు. చలి పట్టేస్తుంది.

నవంబరు 9, ఆదివారం

నాకు కళ్ళు కుట్టడానికి అందులో ఏముంది? ఇటుకలు.

నవంబరు 11, మంగళవారం

అమ్మకాలావిడ ఇచ్చిన కరపత్రం ఒకటి నా సంచిలో మిగిలింది. అచ్చు బాగుంది, కాగితం మందంగా ఉంది. 1,640 చదరపు అడుగులు అని వేశారు. శనివారం నేను చూసిన గది కళ్ళముందు పెట్టుకుని ఎంత లాగినా అంత రావడం లేదు. ఊరికే అనిపించడాన్ని నేను లెక్కలోకి తీసుకోను. కొలవాలి.

ఇది నా వాళ్ళు మోసపోకుండా ఉండడానికి. వేరే ఉద్దేశమేమీ లేదు.

వేరే ఉద్దేశమేమీ లేదు.

నవంబరు 12, బుధవారం

కొలిచాం. సందు మొగలో వడ్రంగి దగ్గర ఇనుప టేపు ఎరువు తెచ్చాను. అమ్మకాలావిడతో "మా వియ్యపురాలు తెరలు కుట్టించుకుంటుంది" అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు, కొంటే ఎలాగూ కుట్టించుకుంటుంది. పిచ్చుకను బడి నుంచి నేరుగా అక్కడికే తీసుకెళ్ళాను. టేపు ఒక కొస తనకిచ్చాను. సున్నా గోడకి ఆనాలి, టేపు వదులు కాకూడదు, నేను "చాలు" అనేదాకా కదలకూడదు అని చెప్పాను. పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒక్కో కొలతా రెండుసార్లు తీశాం. రెండోసారి పిచ్చుకే చదివింది. తప్పు చదవలేదు.

దొంగ దొరికింది. పైన మంచె ఉంది కదా, పడకగది అన్నారే, అది గది మొత్తాన్ని కప్పదు. మెట్లు వచ్చేచోట, కిటికీ ముందు ఖాళీ. అక్కడ నేల లేదు, కిందికి చూస్తే హాలే. ఆ ఖాళీని కూడా పై అంతస్తు నేల కింద కలిపేశారు. మంచె చివర కప్పు వాలుతుంది. అక్కడ పిచ్చుక నిలబడగలిగింది, నేను నడుము వంచి పాకవలసి వచ్చింది. అదీ కలిపేశారు.

"అంటే నానమ్మా, గాలి కూడా అమ్ముతున్నారా?"

"అవును. గాలితో సహా."

పిచ్చుక పడీపడీ నవ్వింది. నా మాటకే. ఇంటికి వచ్చేదాకా "గాలి కిలో ఎంతండీ" అంటూ గెంతుతూనే ఉంది. దారిలో గెంతవద్దని చెప్పలేదు.

చాలా మంచి రోజు.

నవంబరు 13, గురువారం

లెక్క తేలింది. 1,418. అంటే నా ముందుగది కన్నా పెద్ద ముక్క అసలు లేనే లేదు. పటం గీసి, లేని చోటుకు ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టాను.

ఇప్పుడే అబ్బాయికి ఫోన్ చేసి చెప్పవచ్చు. కానీ ఆదివారం వాళ్ళింట్లో అందరికీ భోజనం. ఇలాంటివి అందరి ముందు చెబితేనే స్పష్టంగా ఉంటుంది. ముఖ్యంగా వియ్యపురాలి ముందు. ఎంత తెలివైనవారైనా నవ్వుతూ ఇల్లు కొంటే ఇలాగే ఉంటుంది. ఇంకోసారి కొనేముందు మనిషికి బుద్ధి వస్తుంది.

నవంబరు 16, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

భోజనాలయ్యాయి. వియ్యపురాలు ఎందుకో నెమ్మదిగా ఉంది. పిచ్చుకకు జడ వేస్తూ ఒక్క జోకు కూడా వెయ్యలేదు. ఇదే అదను అనుకుని పటం తీసి బల్ల మీద పరిచాను. బోర్డు ముందు నిలబడ్డట్టే చెప్పాను. ఇది కరపత్రంలో ఉన్నది, ఇది నిజంగా ఉన్నది, ఈ ఎర్రగీతలన్నీ గాలి. ఆవిడ జడ వదిలేసి వచ్చి చూసింది. నోరు తెరిచి ఉండిపోయింది. ఆ ముఖం చూడగానే నా ఒంట్లో వెచ్చగా ఏదో పాకింది. దాన్ని సంతోషమని రాయడం లేదు.

"చూశారా వదినగారూ" అన్నాను, "మీకు అటక అమ్మడమే కాదు, లేని అటక అమ్మబోయారు. ఇక ఆ ఇంటి ఊసు వదిలేయండి."

ఆవిడ కూర్చుంది. "వదిలేశాను వదినగారూ" అంది.

"ఏమిటి?"

"నిన్ననే వదిలేశాను. నా దగ్గరున్నదానికీ వాళ్ళడిగేదానికీ పొంతన కుదర్లేదు. అప్పు చేయడం నాకిష్టం లేదు. భోజనాలయ్యాక పిల్లలకి చెప్పి, ఏడవాలనిపిస్తే కాస్త ఏడ్చి, ఇంటికి పోదామనుకున్నాను."

అబ్బాయి అప్పటికే నా కాగితం లాక్కుని ఫోనులో వేళ్ళు కొడుతున్నాడు. "అమ్మా! ఈ లెక్కన లేని చోటుకి ధర తీసేస్తే... అత్తయ్యా, సరిపోతుంది! మీ దగ్గరున్నది సరిపోతుంది!"

"నిజంగానా బాబూ?"

"మా అమ్మ లెక్క తప్పడం నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాడు పెళ్ళాం వైపు తిరిగి. అంతా నన్నే చూశారు. వియ్యపురాలు లేచి వచ్చి నన్ను కావలించుకుంది. ఆవిడ దగ్గర అత్తరు వాసన వస్తుంది. "మీ రుణం ఎలా తీర్చుకోను వదినగారూ" అని ఏడ్చేసింది, దాచిపెట్టుకున్న ఏడుపంతా ఇటు తిప్పి.

ఇంకొక్క గంట నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది.

నవంబరు 17, సోమవారం

చేజేతులా.

నవంబరు 18, మంగళవారం

పిచ్చుక బళ్ళో అందరికీ చెప్పిందట, మా నానమ్మా నేనూ కలిసి ఒక ఇల్లు చిన్నది చేశామని. కోడలు ఫోను చేసి చెప్పి నవ్వింది. శనివారం బేరానికి నన్ను కూడా రమ్మన్నారు. "మీరు లేకపోతే ఆ అమ్మకాలావిడ మమ్మల్ని మాటల్లో ముంచేస్తుంది అత్తయ్యా."

తప్పకుండా వస్తానన్నాను.

నవంబరు 22, శనివారం

రాయాలి. రాసి తీరాలి.

గోదాము కిందనే వాళ్ళ ఆఫీసు. అద్దాల బల్ల. అటు అమ్మకాలావిడ, ఇటు మేము. బడికి సెలవు కనుక పిచ్చుకా వచ్చింది, నా కుర్చీ చేయి పట్టుకుని నిలబడింది. జడలు వియ్యపురాలు వేసిన రకం, రంగు పూసలతో.

అమ్మకాలావిడ నా పటం చాలాసేపు చూసింది. నవ్వు మాత్రం తగ్గలేదు.

"చాలా బాగా గీశారు మేడమ్. అయితే ఆ ఓపెన్ స్పేస్‌కి ఒక ఫీల్ ఉంటుంది, దానికి కూడా ఒక విలువ..."

"ఫీలు మీద మంచం వేసుకోవచ్చా?" అన్నాడు అబ్బాయి.

అమ్మకాలావిడ గొంతు తగ్గించి నా వైపు తిరిగింది. "ఇంకో పార్టీ సాయంత్రం అడ్వాన్సు ఇస్తామంటున్నారు మేడమ్, చెప్పిన ధరకే. మీ కొలత నిజమైతే మాట్లాడదాం, కాదనను. కానీ టేపు ఆ చివర పట్టుకున్నది ఈ పాపే కదా? చిన్నపిల్ల. చెయ్యి జారి ఉండొచ్చు కదా? మీరే చెప్పండి. మీరు పెద్దవారు, మీ మాటే ఫైనల్."

నాకు దారి కనిపించింది. వెడల్పాటి, నున్నటి దారి. ఆ ఇంకో పార్టీ ఎవరో వస్తారు, కొనుక్కుంటారు, వాళ్ళ మనవరాలు ఎవరో ఆ నేల మీద పడుకుంటుంది. నా పిల్ల సోమవారం నా గుమ్మం ముందు చెప్పులు విప్పుతుంది.

"జారి ఉండవచ్చు" అన్నాను.

నా గొంతు నాకే వినిపించింది. ఏమీ వణకలేదు.

అబ్బాయి "అమ్మా?" అన్నాడు. వియ్యపురాలి ముఖం వాడిపోయింది. అంతలోనే తేరుకుని నా భుజం తట్టింది. "పోనీలెండి వదినగారూ, మాకోసం ఇంత శ్రమపడ్డారు. అదే చాలు." ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు కుర్చీ పక్కనుంచి పిచ్చుక అంది. "నా చెయ్యి జారలేదు నానమ్మా."

అంతా పిల్ల వైపు తిరిగారు.

"సున్నా గోడకి ఆనించే పట్టుకున్నాను. నువ్వు చాలు అనేదాకా కదల్లేదు. రెండుసార్లు కొలిచాం కదా. నువ్వే అన్నావు, బాగా పట్టుకున్నావు అని."

అన్నాను. నేను అలాంటి మాటలు ఊరికే అనను. పిల్లకు ఆ సంగతి తెలుసు.

పిచ్చుక కళ్ళలో నీళ్ళు లేవు. తప్పు లెక్క వేసిన పిల్లను నేను ఎలా చూస్తానో నన్ను అలా చూసింది.

"పిల్ల చెయ్యి జారలేదు" అన్నాను అమ్మకాలావిడతో. "జారింది నా నోరు. లెక్క సరైనదే. కావాలంటే మీ ఇంజినీరును పిలిపించండి, నేను ఇక్కడే కూర్చుంటాను."

ఇంజినీరు వచ్చాడు. కొలిచాడు. నా లెక్కకు అంగుళాల తేడా. బేరం కుదిరింది.

బయటికొచ్చాక వియ్యపురాలు పిచ్చుకను ఎత్తి గిరగిర తిప్పింది. పిచ్చుక నా చెయ్యి పట్టుకోలేదు. రోడ్డు దాటేటప్పుడు కూడా.

నవంబరు 26, బుధవారం

పిచ్చుక రోజూ వస్తోంది. కాళ్ళు కడుక్కుంటుంది. పాలు తాగి గ్లాసు కడిగి బోర్లిస్తుంది. ఎక్కాలు గడగడా అప్పజెబుతుంది. అడిగినదానికి జవాబిస్తుంది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. తల్లి రాగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతుంది.

రెండేళ్ళుగా నేను నేర్పింది ఇదే కదా.

డిసెంబరు 2, మంగళవారం

"నీకేమైనా చెప్పాలని ఉంటే చెప్పు" అన్నాను.

"ఏం లేదండీ" అంది.

అండీ!

డిసెంబరు 14, ఆదివారం

వాళ్ళు గోదాములోకి మారారు. సామాను బయటినుంచి కిటికీలోకి ఆ పాత కప్పీతోనే లాగించింది వియ్యపురాలు. పేటంతా చేరి చప్పట్లు కొట్టింది. సోఫా గాలిలో ఊగుతుంటే కింద నిలబడి "మెల్లగా నాయనా, అది నా కన్నా బరువు!" అని అరుస్తోంది. నేను మా గుమ్మంలోంచి చూశాను. సాయం చేద్దామనుకున్నాను. మోకాళ్ళు.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

డిసెంబరు 15, సోమవారం

రాలేదు.

డిసెంబరు 16, మంగళవారం

రాలేదు. పాలు విరిగిపోయాయి.

డిసెంబరు 17, బుధవారం

వెళ్ళాను. ఏదో ఒక వంక కోసం ఇల్లంతా వెతికాను, ఏదీ దొరకలేదు. ఖాళీ చేతులతోనే వెళ్ళాను.

"రండి రండి వదినగారూ! మూడు రోజుల్నించీ చూస్తున్నాను, ఇంత దగ్గర్లో ఉండి ఇంకా రాలేదేంటా అని." తలుపు తీస్తూనే ఆవిడ లోపలికి లాగేసింది. "నేను కాఫీ పెడతాను. మీ మనవరాలు అక్కడే ఉంది. ఇవాళ నాతో కూడా సరిగ్గా మాట్లాడ్డం లేదు."

పిచ్చుక కిటికీ కింద నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేస్తోంది. కుర్చీ దూరంగా ఉంది. నేను నేల మీదే కూర్చున్నాను. నాకు కొంచెం సమయం పట్టింది. పిల్ల చూసి మళ్ళీ బొమ్మ మీదికి వంగింది.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్ళు పిల్లలతో మాట్లాడాను, కానీ అన్నీ నాకు జవాబు తెలిసిన మాటలే.

"ఆ రోజు నీ చెయ్యి జారిందన్నాను. అది అబద్ధం. తెలిసే చెప్పాను."

పెన్సిలు ఆగింది. "ఎందుకు?"

"ఈ ఇల్లు కొనకూడదని."

"ఎందుకు?"

"కొంటే నువ్వు నా దగ్గరికి రావని."

పిచ్చుక లేచి కూర్చుంది. తను ఆలోచించేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటుంది, వాళ్ళ తాతలాగే.

"నువ్వు రమ్మనలేదుగా" అంది.

"రోజూ వస్తూనే ఉన్నావుగా."

"అమ్మ పంపిస్తే వచ్చాను. ఇక్కడికి మారాక, ఇక వెళ్ళక్కర్లేదులే అంది అమ్మ. నువ్వేమైనా అంటావేమో అని చూశాను. నువ్వేం అనలేదు. రాకపోతే నీకు హాయేమో అనుకున్నాను. నేను వాగుతాను కదా."

అప్పుడు నేను చెప్పవలసింది చాలా ఉంది. నోటికి వచ్చింది ఒకటే. "వస్తావా?"

ఎవరినైనా ఇలా ఎప్పుడు అడిగానో గుర్తులేదు. రా, కూర్చో, చెప్పు, రాయి, ఇవే నా మాటలు.

పిచ్చుక చెయ్యి చాచి వేళ్ళు మడిచింది. "సోమవారం, బుధవారం, శుక్రవారం నీ దగ్గర. మంగళ, గురువారాలు ఇక్కడ. ఇక్కడ వెలుతురు బాగుంటుంది బొమ్మలకి. కానీ అక్కడ నేను వాగొచ్చా?"

"ఎక్కాలయ్యాక."

"ముందు?"

"కొంచెం."

వంటగది వైపు నుంచి వియ్యపురాలు కాఫీలు పట్టుకుని వచ్చింది. తలుపుల్లేని ఇల్లు కదా, అంతా విన్నది. "బాగానే ఉంది వరస! ఉన్నదంతా పోసి ఇల్లు కొన్నది నేను, మూడు రోజులు మీవీ, రెండు నావీనా?" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు ఎప్పటిలా గది చివరిదాకా వెళ్ళలేదు. నాకు ఆ తేడా తెలుసు. కొన్ని వారాలుగా నా ముఖం మీద అదే ఉంది.

"రాత్రులన్నీ మీవేగా వదినగారూ" అన్నాను.

"నిద్రపోయే పిల్లతో ఏం మాట్లాడను?"

కాఫీ అందుకున్నాను. కాఫీ బాగుంది. చక్కెర ఎక్కువ. అది మాత్రం చెప్పలేదు.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. మూడు నావి, రెండు ఆవిడవి. శనివారం అబ్బాయీ కోడలూ ఇంట్లో ఉంటారు, అది వాళ్ళది. ఆదివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడకు ఇంకా తోచినట్టు లేదు. రేపు పొద్దున పిల్ల బడికి బయలుదేరే వేళకు కింద లిఫ్టు దగ్గర నిలబడి నేనే అడుగుతాను. ఆవిడ ఎనిమిదింటి దాకా లేవదు.